ఎల్లాజీ అతికిన జన్యువు

చాలా ఏళ్ళుగా ఒక మాట కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. కక్కలేక మింగలేక అంటారే, అలాగ. పెద్ద మాటేం కాదు. ఎవరినీ చంపలేదు, ఎవరి ఆస్తీ కాజేయలేదు. ఒక స్నేహితుడు నన్నొక ప్రశ్న అడిగాడు, నేనొక అబద్ధం చెప్పాను. అంతే. అంతేనా? చూశారా, ఇంకా మొదలైనా పెట్టలేదు, అప్పుడే తగ్గించి చెప్పడం వచ్చేసింది. నేనెవరో మీకు తెలీదు, మీరెవరో నాకు తెలీదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. అయినా మీ ముందు కూడా మంచివాడిలా కనబడాలన్న యావ పోలేదు. ఆ యావ వాటా తీసేసి మిగిలింది చదువుకోండి.

మాది సబ్బవరం దగ్గర పల్లె. వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఇప్పుడు విశాఖలో కాపురం, అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. క్వాలిటీ విభాగం. కొత్తగా చేరినవాళ్ళకి క్లాసు చెప్పేది నేనే. ఒకరి లాగిన్‌తో ఇంకొకరు పని చెయ్యకూడదు. కంటితో చూడనిది చూశానని రాయకూడదు. తప్పు జరిగితే జరిగిందని రాయాలి, చెరపకూడదు. ఇవే మాటలు, ప్రతి బ్యాచికీ. వాళ్ళు తలలూపుతారు. వెనక కుర్చీల్లో ఎవరైనా నవ్వుకుంటే నా గురించే నవ్వుతున్నారేమోనని చెబుతున్న పాఠం తప్పుతాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే బతుకైపోయింది నాది. క్లాసు అయ్యాక నా గదిలో కూర్చుని నీళ్ళు తాగుతాను. ఈ ఉద్యోగం మానేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. మానేస్తే ఎందుకు మానేశావని ఇంట్లో అడుగుతారు కదా.

స్నేహితుడి పేరు ఎల్లాజీ అనుకుందాం. అసలు పేరు వేరే. ఫిషింగ్ హార్బర్ పక్క పేటలో పుట్టాడు. వాళ్ళ నాన్న బోటు మీద వేటకెళ్ళేవాడు. ఎమ్మెస్సీలో మేమిద్దరం ఒకే బెంచీ. పరిచయమైన వారానికే బావా అంటే బావా అనుకునేవాళ్ళం. చదువులో మార్కులు నాకే ఎక్కువ వచ్చేవి. నాకు బట్టీ పట్టడం వచ్చు. వాడికి చూడడం వచ్చు. ఈ తేడా అప్పుడు నాకు తెలీదు. తెలీదా? తెలుసు. మార్కుల కాగితం అడ్డం పెట్టుకుని తెలీనట్టు ఉండేవాణ్ణి.

చదువయ్యాక ఇద్దరికీ ఒకే చోట పని దొరికింది. రుషికొండ దారిలో, మేడ మీద, చిన్న కంపెనీ. ఇప్పుడది లేదు. ఎక్కడో విదేశంలో ఒక పరిశోధనశాల వాళ్ళు పాండా జన్యువుల మీద పని చేస్తూ, అందులో కంటితో చూడాల్సిన భాగం మా కంపెనీకి ఇచ్చారు. మీకిది వింతగా ఉండొచ్చు. విశాఖపట్నంలో కూర్చుని చైనా ఎలుగుబంటి జన్యువులు చూడడమేమిటని మా నాన్న కూడా అడిగాడు. ఊళ్ళో మాత్రం మావాడు పాండాల మీద రీసెర్చి చేస్తున్నాడని చెప్పుకున్నాడు. టీ కొట్టు దగ్గర నన్ను చూసి ఎవరో పాండా గారొచ్చారన్నారు. ఆ పేరు కొన్నాళ్ళు ఉండిపోయింది.

పని ఏమిటో కాస్త చెప్పాలి, లేకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. పాండా జన్యుక్రమం మొత్తం అప్పటికే చదివేసి అందరికీ అందుబాటులో పెట్టారు. జన్యుక్రమమంటే నాలుగే అక్షరాలతో సాగే పొడుగాటి వరస. చదవడమంటే పుస్తకంలా మొదటి పేజీ నుంచి కాదు. చిన్న చిన్న ముక్కలుగా చదివి, ఏది ఏ ముక్క పక్కన రావాలో కంప్యూటర్ చేత అతికించారు. అతకనివి అలాగే విడివిడిగా మిగిలిపోయాయి. వాసన, రుచి తెలియజేసే జన్యువులు అందులో ఎక్కడున్నాయో వెతికి, కుక్క జన్యువుల పక్కన పెట్టి చూసి, ఇది పూర్తిగా ఉంది, ఇది విరిగిపోయి పని మానేసింది, ఇది సగమే దొరికింది అని రాయడం మా పని. వాసన జన్యువులు ఒకే ఈతలో పుట్టిన కుక్కపిల్లల్లా ఉంటాయి. ఏది ఏదో పోల్చుకోవడం చాలా కష్టం.

మొదటి రోజు మా మేడం పాండా గురించి చెప్పింది. పుట్టుకకి ఎలుగుబంటి. పేగులు మాంసం తినే జంతువువి. వెదుర్ని అరిగించుకునే జన్యువు దాని ఒంట్లో లేనే లేదు. మాంసం రుచి తెలిపే జన్యువు ఎప్పుడో విరిగిపోయింది. వెనక్కి పోలేదు, ముందుకూ పోలేదు. తిన్నది సరిగా అరగకపోయినా రోజంతా వెదురు నములుతూనే ఉంటుంది. ఎల్లాజీ పాపం అన్నాడు. నేను నోట్సు రాసుకున్నాను.

ప్రతి జన్యువునీ ఇద్దరు చూడాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒకరిది ఒకరు చూడకుండా. ఇద్దరిదీ ఒకటే అయితే అది నేరుగా వెళ్ళిపోతుంది. తేడా వస్తే మేడం చూస్తుంది. ఎల్లాజీకీ నాకూ జత వేశారు. పక్క పక్క సీట్లు. ప్రొబేషన్ పూర్తయ్యాక పనితనాన్ని బట్టి కొందరినే ఉంచుతామన్నారు.

ఇక్కడ ఎల్లాజీ గురించి రెండు సంగతులు. ఒకటి, ఆ రోజు చూసింది ఆ రోజే పంపేవాడు కాదు. డ్రాఫ్టులో ఉంచుకుని, మర్నాడు వచ్చి ఇంకోసారి చూసి అప్పుడు పంపేవాడు. చేపల పులుసుకి మర్నాటికి గానీ రుచి రాదు, ఇదీ అంతే అనేవాడు. రెండు, బోటు ఒడ్డుకొచ్చిన రోజుల్లో తెల్లవారక ముందే హార్బర్‌లో ఉండేవాడు. వేట చేసేది నాన్న, వచ్చిన చేపని వేలంలో అమ్ముకునేది వాళ్ళమ్మా వీడూ. అక్కడ పని తెమిలి, స్నానం చేసి, బస్సెక్కి వచ్చేసరికి ఆలస్యమయ్యేది. సిస్టమ్‌లో లాగిన్ అయితేనే హాజరు పడేది. అందుకని తన పాస్‌వర్డ్ నాకు చెప్పాడు. నేను ముందే వచ్చి వాడి సిస్టమ్ ఆన్ చేసి ఉంచేవాణ్ణి.

అది స్నేహంగానే మొదలుపెట్టాను. దాన్ని మాత్రం నమ్మండి. లేదా నమ్మకండి.

ఒకరోజు వాడి లాగిన్ తెరిచేసరికి ముందురోజు డ్రాఫ్టు కనబడింది. నేను ముందురోజంతా తంటాలు పడి వదిలేసిన జన్యువే. వాడు ఎక్కడ మొదలుపెట్టాడో, ఎక్కడ విరిగిందని గుర్తు పెట్టాడో అంతా ఉంది. చూశాను. చూసి నా సీట్లోకి వచ్చి అలాగే వేసి పంపేశాను. సరిచూసుకున్నాను అనుకున్నాను. తర్వాత ఇంకోటి సరిచూసుకున్నాను. కొన్నాళ్ళకి ముందు నేను చూడడం మానేసి, వాడిదే చూడడం మొదలుపెట్టాను. బోటు ఎప్పుడొస్తుందని వాళ్ళమ్మ కంటే నేనే ఎక్కువ ఎదురుచూసిన రోజులున్నాయి. మా జత పని బాగుందని మేడం మెచ్చుకుంది. తేడాలు లేవు కదా మరి.

మీరు గమనించే ఉంటారు. వాడు మర్నాడు ఆలస్యంగా వచ్చి, ఇంకోసారి చూసుకుని పంపేవాడు. నేను పొద్దున్నే పంపేసేవాణ్ణి. సిస్టమ్‌లో పంపిన టైమే పడుతుంది, డ్రాఫ్టుది పడదు. ఆ లెక్కలో ఎప్పుడూ నాదే ముందు, వాడిదే వెనక. అప్పుడు నాకది తట్టలేదు. తట్టి ఉంటే ఏం చేసేవాణ్ణి? ఏమీ చేసేవాణ్ణి కాదు.

ఒక వాసన జన్యువు వచ్చింది. తల ఒక ముక్కలో ఉంది. తోక ఇంకెక్కడో, ఏ సంబంధమూ లేని ఇంకో ముక్కలో ఉంది. మాకు గట్టి నియమం ఒకటుంది. కంప్యూటర్ విడివిడిగా వదిలేసిన ముక్కల్ని మన ఊహతో కలపకూడదు. సగం దొరికితే సగం అనే రాయాలి. ఎల్లాజీ ఆ తలకి ఆ తోక అతికించేశాడు. ఎందుకతికాడో వాడి కంటికే తెలియాలి. మర్నాడు నేనది చూశాను. నియమం గుర్తొచ్చింది కూడా. గుర్తొచ్చినా, వాడు వేశాడంటే రైటే అయి ఉంటుందని అదే అతుకు, అదే అక్షరం దగ్గర వేసి పంపేశాను. నియమం కన్నా వాడి కన్ను మీదే నాకు నమ్మకం. చూడండి ఎలాంటి నమ్మకమో.

మేడం అప్పుడప్పుడు తేడా లేనివి కూడా తీసి చూసేది. ఈ అతుకు ఆమె కంట్లో పడింది. ఒక చేప తలకి ఇంకో చేప తోక కుట్టినట్టుంది ఇది అంది. అందరినీ కూర్చోబెట్టి, పేర్లు చెప్పకుండా, ఒక సూత్రం చెప్పింది. రెండు జంతువుల్లో ఒకే జన్యువు ఒకే చోట ఒకేలా విరిగి ఉంటే అది ఒకే తాత నుంచి వచ్చిందంటాం కదా, పని కూడా అంతే. మంచి సంగతి ఇద్దరు విడివిడిగా కనిపెట్టొచ్చు. తప్పు మాత్రం ఇద్దరూ విడివిడిగా అదే చోట, అదే అక్షరం దగ్గర చెయ్యరు. ఒకరిది చూసి ఒకరు వేసినట్టే. నేను కింద టైల్స్ కేసి చూస్తూ కూర్చున్నాను. దొంగకి తేలు కుట్టినట్టు ఉండడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

నన్ను ముందు పిలిచింది. ఎల్లాజీది నువ్వు చూశావా అని సూటిగా అడిగింది. లేదు మేడం అన్నాను. ఆమె నన్ను నమ్మాలనే అనుకుంది. సిస్టమ్‌లో నాది ముందుంది, నా మార్కులు మంచివి, నేను టైముకొస్తాను. తర్వాత వాణ్ణి పిలిచింది. వాడు ఆఫీసులోకి రాకముందే వాడి లాగిన్ తెరిచి ఉందని అప్పటికే తేలింది. ఎవరు తెరిచారని అడిగితే వాడు చెప్పలేదు. నేనే ఒకర్ని బతిమాలాను, వాళ్ళ తప్పేమీ లేదు, పేరు అడక్కండి అన్నాడట. పేరు చెప్పి ఉంటే మేడంకి రెండు నిమిషాల్లో అంతా అర్థమైపోయేది. హాజరు దగ్గరే మోసం చేసినవాడు పనిలో చెయ్యడా అని ఆమె అనుకుంది. ఆమెని తప్పు పట్టలేను. మర్నాటి నుంచి రావద్దని చెప్పింది.

మధ్యాహ్నం. ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. ఎదురుగా రోడ్డు, అవతల సముద్రం. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడుపు వల్ల కాదు, నిద్ర లేక. ఆ రోజూ బోటు వచ్చింది. వాడు నా మీద కోపంతో వస్తాడనుకున్నాను. ఎలా బుకాయించాలో కూడా సిద్ధం చేసుకున్నాను. వాడు కోపంగా లేడు. వాడికి నా మీద అనుమానమే లేదు.

“బావ, ఒక్కటి సెప్పు. నీ స్క్రీను నాను సూసీసేనేటి?”

నేను వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాను.

“ఆ అతుకు నానే ఏసినట్టు గేపకం. గానీ సిస్టమ్‌లో నీదే ముందుందంట. మిసన్ అబద్ధం ఆడదు కదా. నిద్రమత్తులో నీది సూసీసి, నాదే అనీసుకున్నానేటి?”

ఇక్కడ ఆగాను, ఇది రాస్తూ. లేచి వరండాలోకి వెళ్ళి వచ్చాను. ఇది దాటితే మిగతాది రాయగలను.

“సూసే ఉంటావ్ బావ,” అన్నాను. “నిద్దర్లేదు కదా నీకు.”

వాడు తల ఊపాడు. నా వల్ల నీకూ మాటొచ్చింది, ఏమీ అనుకోకు అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ఎంతసేపుందో తెలీదు. తియ్యమని లోపల అరుస్తున్నాను.

ఎందుకన్నాను? ఉద్యోగం పోతుందనా? అప్పటికే వాడిది పోయింది, నాది నిలిచింది. నాకు తెలీదు బావ అని ఉంటే సరిపోయేది. అది కూడా అబద్ధమే, కానీ వాడి బుర్రని వాడికే వదిలేసే అబద్ధం. నేను అంతటితో ఆగలేదు. వాడు అడిగింది నా గురించి కాదు, వాడి గురించి. తను చూసింది నిజమేనా అని నన్నడిగాడు. నువ్వు చూసింది నిజం కాదని నేను చెప్పాను. పైగా నిద్ర లేదు కదా అని జాలిపడ్డాను. ఆ జాలి మాటే వాడు నమ్మడానికి పనికొచ్చింది. నా ఒళ్ళంతటి మీదా నాకు అసహ్యం వేసేది ఆ ఒక్క మాటకే. కాపీ కొట్టినందుకు సిగ్గే గానీ, ఇంత అసహ్యం లేదు.

ఆ కంపెనీ ఎక్కువ కాలం నడవలేదు. పాండా పని అయిపోయాక మూతపడింది. నేను అచ్యుతాపురం వచ్చేశాను. ఇంత చేసి కాపాడుకున్న ఉద్యోగం అది. ఎల్లాజీ తన నాన్న బోటు మీద వేటకి పోయాడు. ఎవరో ఆసుపత్రి ల్యాబులో పనుందంటే నేనే వెళ్ళి చెప్పాను. చెప్పి, వాడు వెళ్తే నా బరువు సగం దిగిపోతుందని ఆశపడ్డాను. వాడు నవ్వేసి, రోగుల పని బావ, నాలాంటోడు చెయ్యకూడదు అన్నాడు. నాలాంటోడు అంటే ఏమిటని నేను అడగలేదు. నాకు తెలుసు కాబట్టి.

మా స్నేహం తెగలేదు. తెగి ఉంటే నాకు సుఖంగా ఉండేది. వేట మంచిగా పడ్డప్పుడల్లా వంజరం చేపో చందువానో మా ఇంటికి పంపిస్తాడు. మా ఆవిడ వాణ్ణి అన్నయ్యా అంటుంది. నేను కూర్చుని తింటాను. పాండాకి విరిగిన జన్యువు ఉంది చూడండి, అది పనికిరాదని తెలిసినా ఒళ్ళు దాన్ని పారెయ్యదు. మంచి జన్యువుల్తో పాటు దాన్నీ జాగ్రత్తగా నకలు తీసి పిల్లకిస్తుంది. నా ఇల్లూ అలాగే నడుస్తోంది. ఆ అబద్ధాన్ని మా ఆవిడ నమ్మింది, మా పిల్లలు నమ్మారు. ఎల్లాజీ మామయ్య నాన్నది కాపీ కొట్టాడంట, అయినా నాన్న స్నేహం వదల్లేదంట. ఇదీ మా ఇంట్లో కథ. నేను ఎప్పుడూ చెప్పలేదు. వాడే చెప్పాడు, మా పిల్లల ముందు, నన్ను పొగడ్డానికి.

కొన్నాళ్ళ కిందట వాళ్ళింటికి వెళ్తే వాడి భార్య ఒక సంగతి చెప్పింది. బోట్లు కట్టే జెట్టీ దగ్గర రెండు బోట్లు రాసుకుని ఎల్లాజీ అన్నగారి వల బాగా చిరిగిపోయింది. తప్పు అవతలి బోటుది. ఎల్లాజీ ఒడ్డు మీదే నిలబడి మొత్తం చూశాడు. పేట పెద్దలు కూర్చుని, నువ్వు చూసింది చెప్పరా అంటే, నాను సూసేనో, సూసేననుకుంతన్నానో నాకే తెలీదు అన్నాడట. అంత వల ఖర్చూ అన్న నెత్తిన పడింది. అన్నదమ్ములకి మాటల్లేవు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని, చదువుకునేటప్పుడు కూడా ఇలాగే ఉండేవాడా అన్నయ్యా అని నన్నడిగింది. అప్పట్నుంచీ కొంచెం మతిమరుపు మనిషేనమ్మా అన్నాను. అలవాటైపోయింది నోటికి. అన్నాక నాలుక కరుచుకున్నాను. ఏం లాభం.

ఇక ఇప్పటి సంగతి.

పాండా జన్యుక్రమాన్ని మళ్ళీ చదివారు. కొత్త పద్ధతిలో, పొడుగు పొడుగు ముక్కలుగా. పాత ముక్కలు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. నాకు ఆ పనితో ఏ సంబంధమూ లేదు, అయినా తెరిచి చూస్తుంటాను. పుండు మీద చెయ్యి ఊరుకోదు కదా. ఒక సెలవు రోజు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ తలా ఆ తోకా వెతికాను. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో ఖాళీ లేదు. ఒకటే జన్యువు, పూర్తిగా ఉంది, ఎక్కడా విరగలేదు. అతుకు సరిగ్గా వాడు వేసిన అక్షరం దగ్గరే. మళ్ళీ చూశాను. మా ఆవిడని పిలిచి చూపించాను, ఆమెకేం అర్థమవుతుంది పాపం, బాగుందండి అంది. కంప్యూటర్ విడదీసి తప్పు చేసింది. ఎల్లాజీ కలిపి రైటు చేశాడు. నియమం ప్రకారం అప్పుడు వాడు చేసింది తప్పే. నిజం ప్రకారం కాదు.

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తర్వాత ఆ సంతోషంలో నా వాటా ఏమిటా అని చూసుకున్నాను. దొరికింది. మేడం ఏమంది? మంచి సంగతి ఇద్దరు విడివిడిగా కనిపెట్టొచ్చు అంది. తప్పే కానప్పుడు కాపీ ఎక్కడుంది? ఇద్దరం విడివిడిగా నిజమే చూశాం బావ, ఎవరిదీ ఎవరూ చూళ్ళేదు, అని వాడితో చెప్పెయ్యొచ్చు. వాడు బయటపడతాడు. నేను చెప్పాల్సింది చెప్పక్కర్లేదు. ఇంత అందమైన దారి ఇన్నేళ్ళకి దొరికింది. ఆ పూట భోజనం బాగా చేశాను.

మర్నాడు పొద్దున్నే హార్బర్‌కి వెళ్ళాను. వేలం అయిపోయింది. ఎల్లాజీ ఐసు ప్లాంటు గోడ నీడలో వల బాగుచేస్తున్నాడు. పక్కన ఇంకో నలుగురు. నేను చెప్పడం మొదలుపెట్టాను. కొత్తగా చదివారని, ఆ రెండు ముక్కలూ ఒకటేనని, అతుకు రైటని. వాడి చెయ్యి ఆగింది. జన్యువుల భాష వాడేమీ మర్చిపోలేదు. ఏ వైపు నుంచి చదివారు, మధ్యలో ఏమైనా మిగిలిందా అని సరైన ప్రశ్నలే అడిగాడు. అన్నీ చెప్పాను. అంటే మనం ఇద్దరం విడివిడిగా, అని నేను తయారుచేసుకున్న వాక్యం మొదలుపెట్టేలోపే వాడి మొహం వెలిగిపోయింది. నన్ను కావలించుకున్నాడు.

“నాకెప్పుడో తెలుసు బావ, నువ్వు గట్టోడివి. ఎవులికీ అగుపడంది నీకు అగుపడింది. నాను నీది సూసి ఎట్టీసినాను గానీ, నాకంత కన్నెక్కడిదీ?”

కాదు బావ అన్నాను. నిజంగా అన్నాను. ఆ రెండు మాటలతో ఆగిపోయాను. వాడు వినయం అనుకున్నాడు. పక్కనున్నవాళ్ళ వైపు తిరిగి, మా బావ, పెద్ద పెద్దోళ్ళ కంటే ముందే కనిపెట్టీసినాడు అని చెప్పాడు. వాళ్ళు వల పని ఆపి నన్ను చూశారు. ఒకాయన లేచి నాకు కుర్చీ వేశాడు. నేను కూర్చున్నాను. టీ తెప్పించారు, తాగాను. మనం విడివిడిగా చూశాం అని చెప్పడానికి కూడా ఇప్పుడు వీల్లేదు. వాడు తన కన్ను మీద నమ్మకం ఎప్పుడో వదిలేసుకున్నాడు. నేను తాళంచెవి అనుకుని తీసుకెళ్ళింది వాడి దగ్గర మిగిలున్నది కూడా దోచుకోవడానికి పనికొచ్చింది. ఆనాడు వాడి తప్పని చెప్పి నా తప్పు వాడికిచ్చాను. ఈనాడు వాడి ఒప్పు నేను తెచ్చేసుకున్నాను. వచ్చేటప్పుడు నా చేతిలో చేపల సంచి ఒకటి పెట్టాడు.

వాడికి ఎందుకు చెప్పవు అని మీరడుగుతారు. రోజూ నేనూ అడుగుతాను. చెబితే వాడికి కన్ను తిరిగొస్తుంది, కానీ స్నేహితుడనుకున్నవాడు పోతాడు, ఇన్నేళ్ళ బతుకు ఎవడి వల్ల ఇలా అయిందో తెలుస్తుంది. అది వాడికి మంచిదా అని అడ్డదిడ్డంగా వాదించుకుంటాను. వాడి మంచి గురించి మాట్లాడే హక్కు నాకు ఎక్కడుంది? అసలు సంగతి భయం. వాడు కొడతాడని కాదు. కొట్టడని, మళ్ళీ భుజం మీద చెయ్యి వేస్తాడని భయం.

ఇందులో కూడా వాడి పేరు మార్చాను, నా పేరు రాయలేదు. మీరు హార్బర్‌కి వెళ్ళి వెతికినా వాణ్ణి పట్టుకోలేరు. అలా ఏర్పాటు చేసుకున్నాను. పిరికివాడు నిజం చెప్పేటప్పుడు కూడా తలుపు గడియ పెట్టుకునే చెప్తాడు. అయినా చెప్తున్నాను. మెట్ల మీద చెప్పాల్సింది, జెట్టీ గొడవప్పుడు చెప్పాల్సింది, మొన్న టీ తాగుతూ చెప్పాల్సింది.

నా స్క్రీను ఎల్లాజీ చూళ్ళేదు. ఒక్కసారి కూడా చూళ్ళేదు. ఆ తలకి ఆ తోక చూసి కలిపింది వాడు, మెలకువలో, తన కళ్ళతో. దొంగచాటుగా చూసి వేసింది నేను. వాడు అడిగినప్పుడు నాకు ఇదంతా తెలుసు. తెలిసే అన్నాను.

రాసేశాను. ఇన్నేళ్ళ తర్వాత ఊపిరి కొంచెం అడుగుదాకా వెళ్తోంది. వాడు ఈపాటికి వేటలో ఉంటాడు, ఏమీ తెలీదు వాడికి.